తోకలాయన గాలి మాట

ఆయన వృత్తి కట్టుడు పళ్ళు చెయ్యడం. డాక్టరు కొలతలు తీసి పంపితే, మైనంతో చిగుళ్ళు పోసి, వాటిలో పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, ఆకురాయితో రాసి రాసి నునుపు చేసి, నమిలినా నవ్వినా ఊడని సెట్టు తయారుచేస్తాడు. ఊళ్ళో సగం మంది పెద్దవాళ్ళ నవ్వు ఆయన చేతి చలవే. అయినా క్లబ్బులో ఎవరూ ఆయన్ని పళ్ళాయన అనరు. తోకలాయన అంటారు.

క్లబ్బంటే పెద్ద హంగామా ఏం కాదు. ఫర్నిచర్ షాపు మేడ మీద ఒక పొడుగాటి గది. కింద అమ్ముడుపోని కుర్చీలే పైన క్లబ్బు కుర్చీలు. ఒకదానికి చెయ్యి ఉండదు, ఇంకోదానికి కాలు కుంటి. ఆదివారం పొద్దున పదిమంది అక్కడ చేరి ఇంగ్లిషు అక్షరాల ఆట ఆడతారు. సంచిలో చెయ్యి పెట్టి బిళ్ళలు తియ్యడం, వచ్చిన అక్షరాలతో బోర్డు మీద మాట పేర్చడం, ఎంత పెద్ద మాటైతే అన్ని పాయింట్లు. చూసేవాళ్ళకి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఆడేవాళ్ళకి మాత్రం ప్రాణం పోతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళందరికీ మన తోకలాయన చెప్పే పాఠం ఒక్కటే. "ఇంగ్లిషు మాటని తలవైపు పట్టుకుంటే జారిపోతుంది. తోక పట్టుకోండి. ఇంగ్, నెస్, మెంట్, ఏబుల్, లెస్. వీటిలో ఏదొచ్చినా పక్కన దాచుకోండి. తోక చేతిలో ఉంటే తల అదే వెతుక్కుంటూ వస్తుంది." గొర్రె తోక బెత్తెడే అంటారు గానీ, ఆ బెత్తెడు తోకలతోనే ఆయన ఏళ్ళ తరబడి అందరినీ ఓడిస్తూ వచ్చాడు. ఏటా నగరంలో జరిగే పెద్ద పోటీకి క్లబ్బు నుంచి ఒక్కరే వెళ్ళాలి. ఆ ఒక్కరూ ఆయనే. ఇంకొకరు వెళ్ళొచ్చన్న ఆలోచన ఆయనకి కలలో కూడా రాలేదు.

కోడలు ఇంటికొచ్చాక కథ మారింది.

ఆ పిల్ల కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తుంది. ఇంగ్లిషంటే బెదురు. షాపుకి ఎవరైనా ఇంగ్లిషులో ఫోన్ చేస్తే మిషన్ చప్పుడు పెంచి వినపడనట్టు కూర్చునేదట. అది విని మామగారు జాలిపడి రోజుకో తోక నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన పొద్దున్నే బల్ల దగ్గర పళ్ళు రాస్తూ తోక చెప్పేవాడు, ఆమె కాఫీ కలుపుతూ దానికి తలలు వెతికేది. "మెంట్" అంటే "పేమెంట్, మూవ్‌మెంట్, ట్రీట్‌మెంట్" అంటూ వంటింట్లోంచి జవాబొచ్చేది. ఏడాది తిరిగేసరికి ఫోన్ ఎత్తి మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంకో ఏడాదికి క్లబ్బులో అందరినీ ఓడించింది. షాపులో ఆమెని కౌంటరు దగ్గర కూర్చోబెట్టిన రోజున ఇంటికొస్తూనే, "ఇదంతా మీ తోకల మహిమే మామయ్యా" అంది. సొంత తండ్రి ఆమెకి చిన్నప్పుడే పోయాడు. ఆ లోటు తీరినట్టే ఉండేది ఆయన దగ్గర ఆమె మసలుకునే తీరు.

ఇక్కడ ఆట గురించి ఒక ముక్క చెప్పాలి. బోర్డు మీద ఎవరైనా లేని మాట పేర్చినా తప్పు కాదు. ఎదుటివాళ్ళకి అనుమానమొస్తే "ఛాలెంజ్" అనాలి. అప్పుడు రిఫరీ డిక్షనరీ తెరుస్తుంది. మాట లేకపోతే వేసినవాళ్ళు బిళ్ళలు ఎత్తుకోవాలి. ఉంటే మాత్రం అనుమానపడినవాళ్ళ వంతు పోతుంది. ఎవరూ ఏమీ అనకపోతే లేని మాట కూడా ఉన్నట్టే లెక్క. అలాంటిదాన్ని క్లబ్బులో గాలి మాట అంటారు. గాలి మాటతో గెలిచినవాడు టీ ఇప్పిస్తాడు, ఓడినవాడు తిట్టుకుంటూ తాగుతాడు. అంతటితో సరి.

కోడలు మాత్రం మామగారి మాట మీద ఒక్కసారి కూడా ఛాలెంజ్ అనలేదు. "ఆయన నోట్లోంచి వచ్చాక మళ్ళీ పుస్తకం దేనికి?" అనేది.

ఆ ఏడు నగరానికి ఎవరు వెళ్ళాలో తేల్చే ఆటలో చివరికి మిగిలింది వీళ్ళిద్దరే. ఆట సగం అయ్యేసరికి కోడలు బాగా ముందుకెళ్ళిపోయింది. చుట్టూ చేరినవాళ్ళంతా ఆమె కుర్చీ వెనకే నిలబడ్డారు. మందుల షాపాయన ఊరుకోక, "గురువుగారూ, ఈసారి పెట్టె అమ్మాయి సర్దుకోవాలేమో!" అన్నాడు. అందరూ నవ్వారు. కోడలు నవ్వలేదు, పైగా "అలా అనకండి" అని కసిరింది. నన్నడిగితే ఆ కసురే ఆయన్ని ఎక్కువ పొడిచింది. ఓడిపోతున్నవాడికి జాలి కంటే చేదు మందు లేదు.

ఆయన చేతిలో డెంటిస్ట్ అన్న మాటకి దాదాపు అన్ని బిళ్ళలూ ఉన్నాయి. ఒక్కటి తక్కువ. సంచిలో చెయ్యి పెడితే అది రాలేదు, ఇంకేదో వచ్చింది. దాంతో చేతిలో ఉన్నది 'ఇష్' అనే తోక. ఫూలిష్, చైల్డిష్, సెల్ఫిష్. ఆ వరసలో మూడు మాటలూ ఆ నిమిషానికి ఆయనకే అతికినట్టు సరిపోతాయి. ఆయన చేతిలో బిళ్ళలన్నీ ఒకేసారి పేర్చేశాడు. డెంటిష్.

కోడలు మాటకేసి చూసింది. తర్వాత ఆయన ముఖంకేసి చూసింది. ప్రత్యర్థిని చూసినట్టు కాదు, పొద్దున్నే వంటింట్లోంచి తొంగి చూసినట్టు.

"ఇది మీ పళ్ళ పనిలో మాటా మామయ్యా?"

ఇక్కడ ఆయన ఊరుకుని ఉండాల్సింది. నవ్వి, "అనుమానముంటే ఛాలెంజ్ అను" అన్నా సరిపోయేది. ఆట ఆటగా ఉండేది. కానీ ఆమె వెనక నిలబడినవాళ్ళ చూపులు, ఆ పెట్టె మాట, అన్నీ కలిసి నాలుక మీద కూర్చున్నాయి.

"ఊఁ. మా పనిలో మాటే" అన్నాడు.

"భలే ఉంది!" అని ఆమె తనే ఆయన పాయింట్లు గట్టిగా చెప్పింది. ఆ ఒక్క మాటతో ఆమెని దాటేసి, చివరికి ఆయనే గెలిచాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కూడా ఆమే.

ఇంటికి నడుస్తుంటే అడిగింది, "దానర్థం ఏంటి మామయ్యా?"

"అంటే... కాస్త పన్నులాగా ఉండేది" అన్నాడు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకోటి. కట్టుడు పళ్ళలో ఒక్కటి వంకరగా పెడితే పక్కదాన్ని కూడా వంకరగా పెట్టాల్సిందేనని ఆయనకి తెలియనిది కాదు.

ఆ వారమంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. కోడలేమో కొత్త మాటని ముద్దు చెయ్యడం మొదలుపెట్టింది. చొక్కా గుండీ చూసి, "ఇది కాస్త డెంటిష్‌గా లేదూ?" అని మొగుణ్ణి నవ్వించింది. వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తూ, "అన్నీ డెంటిషే" అంది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆయనకి చిగుళ్ళలో సూది దిగినట్టుండేది. ఆకురాయి జారి మంచి పన్ను ఒకటి అరగదీసేశాడు. చెప్పేద్దామని రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వెనక్కొచ్చాడు. రేపు చెబుదాం, పోటీ అయ్యాక చెబుదాం అనుకున్నాడు. సిగ్గుపడేవాడికి రేపు అన్నది పెద్ద ఆసరా.

ఆ రేపు ఆయన కోసం ఆగలేదు. తర్వాతి ఆదివారం ఆయన గొంతు బాగోలేదని సాకు చెబితే, కొత్తవాళ్ళకి పాఠం కోడలే చెప్పింది. తోక 'ఇష్'. గోడకున్న బోర్డు మీద వరసగా రాస్తూ చివర్లో డెంటిష్ అని కూడా రాసింది. ముందు వరసలో కూర్చున్న స్కూలు టీచరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఇదెక్కడి మాటండీ? నేనెప్పుడూ వినలేదే."

"పళ్ళ పనివాళ్ళ మాటండి. మా మామయ్య చెప్పారు."

"పుస్తకంలో ఉందా?"

"ఆయన చెప్పాక పుస్తకంలో లేకుండా ఎక్కడికి పోతుంది? చూసుకోండి కావాలంటే. లేకపోతే ఇక ఈ పాఠాలు చెప్పడం మానేస్తాను." అంది నవ్వుతూ. ఎంత ధైర్యంగా అందో! రిఫరీగా ఉండే లైబ్రరీ మేడమ్ డిక్షనరీ కోసం బీరువా వైపు నడిచింది.

వెనక కాలు కుంటి కుర్చీలో కూర్చున్న తోకలాయన లేచాడు.

"తియ్యకండి మేడమ్. ఉండదు." గొంతు నిజంగానే బొంగురుపోయింది. "అది గాలి మాట."

గదంతా పకపకా నవ్వులు. మందుల షాపాయన వచ్చి వీపు మీద చరిచాడు. "అమ్మో! గురువంటే గురువే. సొంత కోడల్నే బోల్తా కొట్టించారుగా! టీ ఎక్కడండీ?" ఆయన్ని ఎవరూ తప్పు పట్టలేదు. అదే ఆయనకి భరించరాకుండా పోయింది. నలుగురూ తిడితే నెత్తిన బరువు దిగేది. వాళ్ళు మెచ్చుకుంటున్నారు.

కోడలు కూడా నవ్వింది, అందరికంటే కాస్త ఆలస్యంగా. ఆమె ముఖం ఎర్రబడింది. వెనక్కి తిరిగి ఆ ఒక్క మాటనీ జాగ్రత్తగా తుడిచేసింది. మొన్న చప్పట్లు కొట్టిన చెయ్యి అదే.

"నన్ను క్షమించమ్మా" అన్నాడాయన దగ్గరికెళ్ళి, మెల్లగా. "నువ్వు అడిగినప్పుడైనా..."

"అయ్యో, క్షమించడమేంటి మామయ్యా! గాలి మాట వెయ్యడం ఆటలో ఉన్నదేగా." సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకుంది. "నేనే అడగకుండా ఉండాల్సింది. ఆటలో ఎదుటివాళ్ళని అడుగుతారా ఎవరైనా?"

ఎదుటివాళ్ళు. ఆ మాటకి ఆయన తల తీసేసినట్టయింది.

ఆ గెలుపు తనకొద్దని, నగరానికి ఆమే వెళ్ళాలని పట్టుబట్టాడు. లైబ్రరీ మేడమ్ ఒప్పుకోలేదు, గెలుపు గెలుపేనంది. అయితే మళ్ళీ ఆడతామన్నాడు, ఇప్పుడే. ఓడిపోవాలని ఆయన అంతగా కోరుకున్న రోజు జీవితంలో లేదు. కోడలు, "సరే, ఆడదాం" అని ఎదురుగా కూర్చుంది.

మొదటి వంతు ఆయనకొచ్చింది. చేతిలో మంచి అక్షరాలున్నా పక్కన పెట్టి, ఎలిమెంటరీ స్కూలు పిల్లాడు కూడా చదివే మాట ఒకటి పేర్చాడు. రెయిన్.

కోడలు ఆ మాటనే చాలాసేపు చూసింది. ఆయన ముఖం వైపు చూడలేదు.

"ఛాలెంజ్" అంది.

అందరూ నవ్వారు, ఎత్తిపొడుస్తోందనుకుని. ఆమె నవ్వకుండా మేడమ్ వైపు చూస్తూ కూర్చుంది. మేడమ్‌కి తెరవక తప్పలేదు. మాట ఉంది. కోడలి వంతు పోయింది. ఆయన ఇంకా చిన్న మాట వేశాడు. డోర్. మళ్ళీ "ఛాలెంజ్" అంది. పుస్తకంలో ఉంది. మళ్ళీ వంతు పోయింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆయన ఎంత తేలిక మాట వేస్తే అంత మర్యాదగా అడుగుతోంది, ఉందని తేలగానే తలూపి కూర్చుంటోంది. ఆడటానికి ఆమెకి వంతే రావడం లేదు. ఓడిపోవాలనుకున్న మనిషికి పాయింట్లు కుప్పలు పడుతున్నాయి.

"అమ్మాయ్" అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్టు. "కోపమొస్తే నాలుగు తిట్టు. ఇలా చెయ్యకు. రెయిన్ అన్న మాట నీకు తెలీదూ?"

"కోపం కాదు మామయ్యా" అంది కోడలు. నిజంగానే ఆ గొంతులో కోపం లేదు. "ఇంకెవరు వేసినా అడిగేదాన్ని కాదు. మీరు వేశారని చూసుకుంటున్నానంతే."