ఆరని పూత మీద టైల్స్

టీమును నడిపించడమంటే ఎదురు చెప్పేవాడి నోరు మూయించడమేనని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకాన్ని మా మేస్త్రి వదలగొట్టాడు. ప్రేమతో కాదు లెండి.

ఆసుపత్రి మూడో అంతస్తులో పదకొండు బాత్రూములు కొత్తగా చేయించే పని. కాంట్రాక్టు మా బావది, మనుషుల్ని నడిపే బాధ్యత నాది. నీళ్లు కిందికి దిగకుండా నేలకు రెండు పూతలు వెయ్యాలి. ఒక్కోటి ఒక రోజంతా ఆరాలి. ఆ తర్వాతే టైల్స్. రెండో పూత పొద్దున వేశారు. గడువు ముంచుకొస్తోందని మధ్యాహ్నానికల్లా ఇంకో ఆరుగురిని దింపాను.

"ఇవాళే టైల్స్ పడాలి. సరిపోకపోతే ఇంకా మనుషుల్ని పిలుస్తా" అన్నాను.

మేస్త్రి పూత మీద బొటనవేలు నొక్కాడు. ముద్ర దిగింది.

"మనుషులొస్తే ఇది ఆరుతుందా సార్? ఆరుగుర్నీ కూర్చోబెట్టి ఊదించమంటారా?"

పక్కవాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"ఇక్కడ లీడర్ ఎవరు? నువ్వా, నేనా?"

"మీరే. పూతకి మాత్రం ఆ సంగతి తెలీదు."

"నీ తాపీ తీసుకుని బయటికి నడువు."

సంచి సర్దుకుని పోయాడు. మిగతావాళ్లు తలలు వంచుకుని టైల్స్ అందుకున్నారు. అందరూ నాతో ఒప్పుకున్నారని మురిసిపోయాను. భయపడ్డారు, అంతే.

నాలుగో రోజు కుళాయిలు తిప్పి చూస్తే, కింది వార్డులో రోగుల మంచాల మీద నీళ్లు కారాయి. బావ పరుగున వచ్చాడు.

"ఎవడి పనిరా ఇది?"

"మేస్త్రిది. పూత సరిగా వెయ్యలేదు."

నోరు జారలేదు, ఆలోచించే అన్నాను. బావ అక్కడే నిలబడి, తెలిసిన కాంట్రాక్టర్లందరికీ ఫోన్ చేసి అతన్ని పెట్టుకోవద్దన్నాడు.

మర్నాడు మేస్త్రి సైటుకొచ్చాడు. బావ వైపు చూడనైనా లేదు, నేరుగా నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మూడు చోట్ల పని లేదు పొమ్మన్నారు. ముప్పై ఏళ్లలో నేను పూసిన నేల ఒక్కటీ కారలేదు. నా గురించి ఏం చెప్పారో, నా మొహం చూసి ఇంకోసారి చెప్పండి."

పనివాళ్లంతా చూస్తున్నారు. నేను బావ వైపు తిరిగాను.

"ఆరలేదని ఇతను చెప్పాడు బావా. చెప్పినందుకే పంపేశాను."

బావ ఫోన్ తీశాడు. మళ్లీ అందరికీ ఫోన్లు చేసి, తప్పు మేస్త్రిది కాదు, మాదేనని ఒక్కొక్కరికీ చెప్పాడు. ఆ తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు.

"ఇదంతా పగలగొట్టి మళ్లీ చెయ్యాలి. నువ్వే దగ్గరుండి నడిపిస్తావా?"

"నడిపిస్తా. ఈయన మాత్రం ఈ ఛాయలకి రాకూడదు."

"ఏరా, విన్నావుగా. తాళాలిచ్చెయ్."

గుత్తి తీసి మేస్త్రికి అందించాను. అతను చెయ్యి చాపలేదు.

"అక్కడ పెట్టి వెళ్లండి" అన్నాడు, ఇసుక బస్తా వైపు చూపిస్తూ.

పెట్టి వచ్చేశాను.