గడపగడపకూ గేరు

ఇస్సాకు గారి సైకిలు మూడు వారాలలో మూడవసారి గొలుసు తెంచుకొని, శామీర్‌పేట చౌరస్తాలోని శాంసన్ దుకాణానికి ఆటోలో వచ్చింది. ఆయనా, భార్య రెబెక్కా దాని పక్కనే ఇరుక్కొని కూర్చున్నారు.

ఒకప్పటి ఉపాధ్యాయుడూ, నేటి సంఘపెద్దా అయిన ఇస్సాకు ప్రతి శుక్రవారం రోగుల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేస్తాడు. మోకాళ్లు మొరాయించడంతో, ఎనిమిది గేర్ల సైకిలుకు శాంసన్ చేతనే పెడళ్ల దగ్గర మోటారు పెట్టించుకున్నాడు. అయినా మేడ్చల్ దారి ఎత్తు చివర మంచం పట్టి ఉన్న సాయమ్మ ఇంటిని ఈ మూడు వారాలుగా చేరలేకపోయాడు.

"మోటారు ఎనక చక్రంల పెట్టు బిడ్డా. గొలుసుతోని పనే ఉండదు," అన్నాడు.

"పెట్టొచ్చు సార్. గాని గప్పుడు మోటారుకు గేర్ల సాయముండదు. ఎత్తు మీద గుంజి గుంజి కాలిపోతది. అసలు గొలుసెందుకు తెగుతాందో సూడనీయుండ్రి."

శాంసన్ కొత్త గొలుసు వేసి, రెబెక్కాను తన బండి మీద ఎక్కించుకొని, సైకిలు మీద ముందు వెళ్తున్న ఇస్సాకును వెంబడించాడు.

ఎత్తు మొదలైన చోటనే ఇస్సాకు ఆగాడు. "వందనాలమ్మా, జ్వరం తగ్గిందా?" పక్క గడప వద్ద మళ్లీ ఆగాడు. పలకరించిన గడపను దాటిపోవడం ఆయన ఎరుగడు. గేరు మాత్రం ఎప్పుడూ బరువుదే. కదిలిన ప్రతిసారీ మోటారు గుంజేది, గొలుసు మూలిగేది. ఐదవ గడప వద్ద తెగింది.

శాంసన్ నవ్వాపుకొన్నాడు. "సార్, ఆగకముందే తేలిక గేరుకు దించాలె. గొలుసు తిరుగుతుంటెనే గేరు మారుతది."

"ఎవరు పిలుస్తరో ముందుగాల నాకేమెరుక? పిలిచినంక ఆగకుంటె ఎట్ల?"

"నలభై ఏండ్లు పిల్లలకు ముందుచూపు నేర్పిండు బిడ్డా," అంది రెబెక్కా. "ఇంటికి జర తెచ్చుకునుడు మరిచిండు."

శాంసన్ వంగి వెనక చక్రాన్ని తిప్పి చూశాడు. "మోటారు ఉన్నకాడనే ఉండని. ఎనక చక్రం మారుస్త. గేర్లన్ని దాని నడుమ డబ్బల ఉంటయి. నిలవడ్డంక గూడ మార్చొచ్చు. మోటారు జోరు తగ్గిస్త, లేకుంటె లోపలి గేర్ల పండ్లు ఇరుగుతయి. గేర్లు మాత్రం ఐదే."

"ఎనిమిది పోయి ఐదా?" ఇస్సాకు ముఖం చిన్నబోయింది.

"ఎనిమిదిట్ల ఒక్కటే అరగదీసినవు," అంది రెబెక్కా. "కడమ ఏడు పెట్టెల పట్టుచీరల్లెక్క ఉన్నయి."

"జోరు తగ్గిస్తె సాయమ్మ ఇల్లు అందుతదా బిడ్డా?"

"మెల్లగ పోతది సార్. గాని పోతది."

మరుసటి శుక్రవారం ఇస్సాకు పదకొండు గడపల వద్ద ఆగాడు. గేరు మరవకూడదని సైకిలు పిడికి రెబెక్కా ఎర్ర పీలిక కట్టింది. దానిని చూసి, గేరు దించి, పదకొండుసార్లూ మెత్తగా కదిలాడు. పన్నెండవ గడప సాయమ్మది.

ఆమె మంచంలో నుంచే తల తిప్పి చూసింది.

"వచ్చినవా సారూ? ప్రభువు జల్దీ వస్తడని నెల కింద జెప్పి పోతివి. నీకంటె ఆయనే ముందొస్తడనుకున్న."