వేలు తీసిన తర్వాత

“ఏదో మాడుతున్నట్టుంది, చూడవోయ్,” అన్నారు మా ఆయన, స్టవ్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని. నేను బాత్‌రూంలో పిల్లదాని తల రుద్దుతున్నాను. నురగ చేతులతోనే పరిగెత్తి స్టవ్ కట్టేశాను. “నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఒక్క పూట నడవదమ్మా,” అన్నారు అత్తగారు. ఇంటిచాకిరీకి నాకు ముట్టే జీతం ఆ మాటే.

నిజమైన జీతం ఇచ్చేచోట నా పని, వణికే యంత్రాలను కుదురుగా ఉంచడం. పల్చటి రేకుకి పింగాణీలాంటి బిళ్ల అతికిస్తాం. రేకు ఊగితే బిళ్లలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటును బట్టి కంట్రోలర్ ఊపు తీరు నేర్చుకుని, ఇంకో బిళ్లతో ఎదురు ఊపు ఇప్పిస్తుంది. రెండు ఊపులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని రేకు కదలకుండా ఆగుతుంది. ఇది ఓ ఫ్యాక్టరీ మెషీన్‌కి బిగించడానికి కొన్నాళ్లు వేరే ఊరు వెళ్లాలి. తయారుచేసింది నేనైనా, వెళ్లేది నా జూనియర్ అని ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎవరికి వాళ్లే తేల్చేశారు. మెషీన్ మీద పేరు కూడా అతనిదే పడుతుంది.

ఆఖరి ట్రయల్లో రేకు ఊగడం మొదలెట్టగానే మా సారు గాభరాపడి వేలు అడ్డం పెట్టారు. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ వేలు. పైగా కంట్రోలర్ దండగ అని విసుక్కున్నారు.

“వేలు తీయండి సార్. మీరే ఆపేస్తుంటే అదేం నేర్చుకుంటుంది?”

తీశారు. రేకు కాసేపు తైతక్కలాడి, బుద్ధిగా ఆగింది. సారు మురిసిపోయారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఇన్నాళ్లూ ఆ వేలు నేనే.

“ఫ్యాక్టరీకి నేనే వెళ్తాను సార్.”

“ఇంట్లో ఇబ్బందేమోనమ్మా?”

“ఉంటుంది సార్. వాళ్లకి.”

పిల్లదానికి తల ఎవరు రుద్దుతారో అనిపించింది. అయినా రైలెక్కాను.

ఫ్యాక్టరీలో మెషీన్ కింద దూరి వైర్లు బిగిస్తుంటే మా ఆయన ఫోన్.

“ఉప్పెక్కడుంది?”

జవాబు నాలుక చివరికొచ్చేసింది. గట్టిగా కొరుక్కున్నాను.

“వెతకండి.”

తలుపులు టపటపలాడాయి, గిన్నెలేవో దొర్లాయి. “నీ ముక్కు ముందే ఉందిరా,” అని అత్తగారి గొంతు.

“దొరికింది,” అన్నారు మా ఆయన, ఏదో యుద్ధం గెలిచినట్టు.

అనుకున్నదానికంటే ముందే మెషీన్ కుదుటపడింది. ఇక బయల్దేరి వచ్చేయమన్నారు సారు. మెషీన్ సంగతి సరే, ఇల్లు ఇప్పుడిప్పుడే ఊగడం మొదలెట్టింది. సెలవు పెట్టి, తిరుగు టికెట్ వచ్చే వారానికి మార్పించుకున్నాను.