మూడో ఎర్రకార్డు

మా అత్త నడిస్తే పక్కవాళ్లు పరుగెత్తాలి. అత్త అంటే నాన్న చెల్లెలు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే గదిలో పని చేస్తుంది. తడిబట్టల బండి తోసుకుంటూ ఆ పొడవాటి వసారాలో వస్తుంటే తోటివాళ్లు, "తప్పుకోండర్రా, రెండోరాణి వస్తోంది!" అని అరుస్తారు. అత్త కూడా నవ్వేస్తుంది. నడక పందెంలో దేశం మొత్తం మీద రెండుసార్లు రెండో స్థానంలో వచ్చింది కాబట్టి ఆ పేరు.

మూడోసారి సంగతి మాత్రం అక్కడ ఎవరూ ఎత్తరు. నడక పందెంలో ఎప్పుడూ ఏదో ఒక పాదం నేలను తాకుతూనే ఉండాలి. రెండూ గాల్లోకి లేచాయంటే అది పరుగు. దారి పొడవునా నిలబడ్డ జడ్జీలు ఉత్త కంటితో చూసే ఆ మాట తేలుస్తారు. ముగ్గురు జడ్జీలు ఎర్రకార్డు రాశారంటే పందెం నుంచి తప్పుకోవాల్సిందే. ఆ రోజు అందరికంటే ముందుగా స్టేడియం గేటు దాటిన అత్తకు మూడో ఎర్రకార్డు పడింది.

"నా కాలు లేవలేదు" అంది అత్త అప్పుడు. ఇప్పటికీ అదే అంటుంది. ఇంట్లో అందరం అదే నమ్ముతాం. నాయనమ్మయితే ముఖమైనా తెలియని ఆ జడ్జికి నాలుగు శాపనార్థాలు పెట్టనిదే మంచం దిగదు. అత్త ఆ ఏడే పందేలు మానేసింది.

ఈ ఏడాది ఆమె పాత కోచ్ మాస్టారు బట్టల గదికే వచ్చి, స్కూలు పిల్లల పందేలకు జడ్జిగా రమ్మని అడిగారు.

"జడ్జీలంటేనే నాకు ఒళ్లు మంట. నన్ను పిలుస్తారేంటి మాస్టారూ?"

"కూర్చుని తిట్టుకోవడం ఎంతసేపు! వచ్చి నువ్వు సరిగ్గా చేసి చూపించు."

ఆ మాట అత్తకు తగిలింది. సాయంత్రాలు శిక్షణకు వెళ్లింది. పరీక్ష పాసయింది. "నేనుండగా ఏ పిల్లకీ అన్యాయం జరగనివ్వను. నాకు జరిగింది చాలు" అని నాతో అంది.

పందెం రోజు అత్తను మైదానం చివరి మలుపు దగ్గర నిలబెట్టారు. నీళ్ల సీసాలు పట్టుకుని నేను వెనకాల గట్టు మీద కూర్చున్నాను. ఎవరికెన్ని ఎర్రకార్డులు పడ్డాయో చూపించే బోర్డు దూరంగా ఉంది. అత్త కావాలనే దానికి వీపు తిప్పి నిలబడింది. మిగతావాళ్లు ఏం రాశారో జడ్జి చూడకూడదట.

ఆకుపచ్చ రిబ్బను కట్టుకున్న ఓ పిల్ల మొదటి నుంచీ ముందుంది. నా ఈడుదే. గడ్డం పైకెత్తి, మోచేతులు ఒంటికి ఆనించి, బొంగరంలా మలుపు తిరిగింది. "అబ్బ, ఏం నడుం తిప్పుతోందే!" అంది అత్త మురిసిపోతూ.

మరో రెండు చుట్లు అయ్యేసరికి బోర్డు మీద ఆ పిల్ల నంబరు పక్కన ఒక ఎర్ర గుర్తు పడింది. కాసేపటికి ఇంకొకటి. "అత్తా..." అన్నాను.

"బోర్డు సంగతైతే నోరు మూసుకో."

మూసుకున్నాను. నాకది అలవాటే.

మళ్లీ వచ్చినప్పుడు అత్త పసుపు పలక ఎత్తి చూపించింది. జాగ్రత్త అని దానర్థం. ఆ పిల్ల తలూపి కాస్త తగ్గింది. కానీ ఆఖరి చుట్టులో వెనక పిల్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ వేగం అందుకుంది. ముఖం వెలిగిపోతోంది. అసలు బరువే లేనట్టు మా ముందు నుంచి తేలిపోయింది. నాకు కూడా కనబడింది. రెండు పాదాల కిందా వెలుతురు.

అత్త కలం తీసింది. రాయలేదు. ఆ పిల్ల వీపుకేసే చూస్తూ ఉండిపోయింది. "ఇలాగా కనిపించేది?" అంది మెల్లగా. నాతో అన్న మాట కాదది. తర్వాత నంబరు రాసి, సంతకం పెట్టి, కార్డులు పోగుచేసే ఆయన చేతికిచ్చేసింది.

ముగింపు గీత ఇంకా ముందుండగానే పెద్ద జడ్జి ఆ పిల్లను ఆపేశాడు.

పందెం ముగిశాక ఆ పిల్ల మా మలుపు దగ్గరే గడ్డిలో కూలబడి ఏడుస్తోంది. అత్త వెళ్లి ఎదురుగా చతికిలబడింది. "మూడోది నాదేనా?" అని నన్నడిగింది. తలూపాను.

"నా కాలు లేవలేదు!" అంది ఆ పిల్ల వెక్కుతూ. "కావాలనే రాశారు మీరు!"

"చివర్లో ఒళ్లంతా తేలికైపోయింది కదూ? ఎంత దూరమైనా పోగలననిపించిందా?"

ఆ పిల్ల ఏడుపాపి చూసింది. "మీకెలా తెలుసు?"

"నాకూ అంతే అయింది. లేచిందని మనకి తెలీదమ్మా. అంత హాయిగా ఉంటే తప్పనిపిస్తుందా? నేను కూడా లేవలేదనే అన్నాను. ఇవాళ పొద్దుటిదాకా అదే అన్నాను. నా మీద ఎవరో కక్ష కట్టారనుకుని నడకే మానేశాను. బంగారంలాంటి ఏళ్లు పోయాయి. నువ్వలా చెయ్యకు."

ఆ పిల్ల పిక్క పట్టేసి ముఖం ముడుచుకుంది. అత్త ఆ కాలు ఒళ్లోకి లాక్కుని బూటు తాడు విప్పి పిక్క నిమరసాగింది. ఇంతలో జనాన్ని తోసుకుంటూ వాళ్లమ్మ వచ్చింది.

"ఏదీ, ఆ కార్డు రాసిన మహాతల్లి ఎక్కడ?"

"నేనేనండీ" అంది అత్త, కాలు వదలకుండానే. "తిడుదురుగాని, ముందా రెండో బూటు విప్పండి. వేళ్లు కొంకర్లు పోతున్నాయి."

ఆవిడ కూతురి ముఖం చూసి, గడ్డిలో కూర్చుని రెండో కాలు తన ఒళ్లోకి తీసుకుంది. నేను వెళ్లి సీసా మూత తీసి ముందు ఆవిడకే ఇచ్చాను.