అతిథుల ఫ్యాను

మధ్యాహ్నపు నమాజు ముగిసేసరికి ధనీ బఖ్ష్ గారి ఒతాక్‌లో మంచాలన్నీ నిండిపోయాయి. ఒతాక్ అంటే మగవాళ్ళు కూర్చునే బయటి ఇల్లు. మా జాకోబాబాద్‌లో కాస్త పరువున్న ప్రతి కుటుంబానికీ అది ఉండాల్సిందే. లోపల పొయ్యి రాజకపోయినా సరే, ఒతాక్‌కి వచ్చిన అతిథికి లోటు రాకూడదని మా పెద్దలు చెబుతారు. ధనీ బఖ్ష్ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించే మనిషి. ధాన్యం మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేసి కూడబెట్టిన దానితో ఒక సోలార్ ప్లేటు, ఒక స్టాండు ఫ్యాను కొన్నాడు. రెండింటినీ ఒతాక్‌లోనే పెట్టించాడు.

ఎత్తయిన రెల్లు కప్పు, ఎదురెదురుగా రెండు తలుపులు, వాకిట్లో వేపచెట్టు, మూలన తడిగుడ్డ చుట్టిన కుండలు, గోనెసంచిలో ఐసు దిమ్మ. కరెంటు పొద్దున్నే పోయింది. బయట ఎండ యాభై డిగ్రీలు దాటి నిప్పులు చెరుగుతున్నా, అక్కడ కూర్చున్నవాళ్ళకి కునుకు పడుతూనే ఉంది.

ఆనాటి చర్చ కూడా ఎండ గురించే. బస్టాండు దగ్గర బాటసారుల కోసం చలివేంద్రం పెట్టాలని పెద్దలు అనుకున్నారు. కుండలకు చుట్టడానికి కొత్త గుడ్డ కూడా తెప్పించి పెట్టుకున్నారు.

"ఉత్త నీళ్ళేం పోస్తాం, షర్బత్ పోద్దాం," అన్నాడు హాజీ ఖమీసో. ఆ వీధిలో అందరికంటే పెద్దవాడు, ధనీ బఖ్ష్‌కి చిన్ననాటి స్నేహితుడు. "ఎండన పడి వచ్చినవాడి గొంతు చల్లబరిస్తే దాన్ని మించిన పుణ్యం లేదు."

"నీళ్ళు తాగి మళ్ళీ ఎండలోకే పొమ్మంటామా? పందిరి కూడా వేయిద్దాం. కాసేపు నీడలో కూర్చుంటారు పాపం," అన్నాడు ధనీ బఖ్ష్.

"చూశారా, అదా ధనీ బఖ్ష్ చేతికి ఎముకే లేదు," అన్నాడు హాజీ. మా భాషలో అదా అంటే సోదరుడు, అదీ అంటే సోదరి.

"ఎండ మనకి కొత్తా ఏమిటి?" అన్నాడు మరొకాయన, ఫ్యాను తనవైపు తిరిగినప్పుడు చొక్కా గుండీ విప్పుకుంటూ. "కరాచీవాడు ఇక్కడికొస్తే సాయంత్రానికి పోతాడు. మనకి పుట్టుకతోనే అలవాటైపోయింది."

అందరూ నవ్వారు. అప్పుడే లోపలి గోడకున్న చిన్న తలుపు జానెడు తెరుచుకుని, టీ కప్పులున్న పళ్ళెం పట్టుకున్న చెయ్యొకటి బయటికి వచ్చింది. ధనీ బఖ్ష్ కొడుకు వసాయో లేచి పళ్ళెం అందుకున్నాడు. చెయ్యి వెనక్కి వెళ్ళింది, తలుపు మూసుకుంది. ఆ చేతి మీద పొయ్యి సెగకి లేచిన బొబ్బలు ఎవరికీ కనబడలేదు.

చదువరులారా, బాటసారుల మీద జాలి పడుతున్న ఈ మంచి మనుషులను కాసేపు ఇక్కడే కూర్చోనిద్దాం. వాళ్ళకి ఏ లోటూ లేదు. మనం ఆ తలుపు అవతలికి వెళదాం.

అవతల ఉన్నది ఒక మట్టి వాకిలి, చుట్టూ నిలువెత్తు గోడలు. గాలి రావడానికి కాదు, చూపు రాకుండా ఉండడానికి కట్టిన గోడలవి. మూలనున్న వంటగదికి కిటికీ లేదు. అక్కడ పొయ్యి ముందు కూర్చున్నది ధనీ బఖ్ష్ భార్య సభాగీ. ఐదో విడత టీ కాస్తోంది. ఓఢ్నీ కొంగుతో ఎంత తుడుచుకున్నా చెమట కళ్ళల్లోకి దిగుతూనే ఉంది. మగవాళ్ళు పొద్దున కాలవలో మునిగి వచ్చారు. రాత్రికి డాబా మీదో, వీధిలోనో మంచాలు వేసుకుని పడుకుంటారు. ఆడది కాలవకి పోకూడదు, డాబా ఎక్కకూడదు, వీధిలో పడుకోకూడదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు.

అంతకంటే దారుణం పక్కగదిలో ఉంది. కోడలు సుగ్రాకి పురుడొచ్చి వారమైనా కాలేదు. తొలిచూలు, ఆడపిల్ల. బాలింతకు గాలి సోకితే వాతం కమ్ముతుందని మా వాళ్ళ నమ్మకం. నలభై రోజులూ గది తలుపు మూసే ఉంచాలి. ఉన్న ఒక్క చిన్న కిటికీలో బొంత కుక్కేశారు. పైగా ఒళ్ళు గట్టిపడాలని నెయ్యి, బెల్లం, శొంఠి వేసి వేడి వేడిగా పెడుతున్నారు. పొయ్యిలో పెట్టి మూత బిగించడానికి ఇంతకంటే పెద్ద ఏర్పాటు ఏం కావాలి?

సభాగీ గదిలోకి వెళ్ళేసరికి సుగ్రా గోడకి ఒరిగి కూర్చుని ఉంది.

"అమ్మా, ఆ కిటికీలో బొంత కాస్త తీయండమ్మా. ఊపిరాడటం లేదు."

"తప్పు తల్లీ. పచ్చి ఒళ్ళు, గాలి తగిలితే బతుకంతా నడుం నొప్పితో చస్తావు. మేమంతా ఓర్చుకోలేదా?"

"పిల్ల పొద్దుట్నుంచి పాలు తాగలేదు."

"పట్టిద్దువు గాని. నువ్వు ముందు ఈ గోరువెచ్చటి నీళ్ళు తాగు."

సభాగీ చెడ్డ అత్త కాదు. రాత్రంతా విసనకర్రతో గోడకేసి విసిరింది, ఆ గాలి కోడలికి నేరుగా తగలకుండా జాగ్రత్త పడుతూ. ఆ జాగ్రత్తను తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. చంపేది పగవాళ్ళే అయితే తప్పించుకోవచ్చు, ప్రేమతో తలుపు మూసేవాళ్ళ నుంచి ఎక్కడికి పోతారు?

కూజాలో నీళ్ళు నింపుకోవడానికి వసాయో లోపలికి వచ్చాడు. సభాగీ వాణ్ణి ఆపింది.

"ఒరేయ్, నీ పెళ్ళాం ఒళ్ళు కాలిపోతోందిరా. ఒకసారి చూడు."

"ఎండాకాలం కదమ్మా, అందరి ఒళ్ళూ కాలుతోంది."

"మీ బాబాతో చెప్పి ఆ ఫ్యాను ఓ గంట లోపలికి పంపించు."

"అతిథులుండగానా? హాజీ సాయీ ముందున్న ఫ్యాను పీక్కొస్తే రేపు బజార్లో ఏమంటారు? అయినా, బాలింతకు గాలి తగలకూడదని నువ్వేగా అన్నావు." కూజా నింపుకుని వెళ్ళిపోయాడు. తలుపు సందులోంచి కూడా భార్యను చూడలేదు.

కాస్త పొద్దు వాలాక సుగ్రా పిచ్చి పిచ్చిగా మాట్లాడ్డం మొదలుపెట్టింది. చనిపోయిన తన తల్లితో, కాలవలో నీళ్ళు చల్లగా ఉన్నాయి రమ్మని చెబుతోంది. సభాగీ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఒంటి మీద చెమట చుక్క లేదు, చర్మం ఎండి సలసల కాగుతోంది. పక్కన పసిపిల్ల ఏడవడం కూడా మానేసింది.

"దిష్టి తగిలింది," అని సభాగీ గోడ మీదుగా కేకేసి మంత్రసాని బఖ్తావర్‌ని పిలిచింది. ముసలి బఖ్తావర్ వచ్చి పిల్లను చూసింది, తల్లిని చూసింది, కిటికీలో బొంతను ఒక్క లాగు లాగి నేలకేసి కొట్టింది.

"దిష్టీ లేదు, దయ్యమూ లేదు. వడదెబ్బ. ఇంకాసేపు ఇక్కడే ఉంచితే ఇద్దరూ దక్కరు."

"గాలి తగిలితే..."

"ఏ గాలే? నీ పెద్దపిల్ల ఏ గాలి తగిలి పోయింది? ఇదే గదిలో, ఇదే నెలలో పోయింది కదా. కడపటి స్నానం చేయించింది నేనే. అప్పటికీ దాని ఒళ్ళు పెనంలా కాలుతూనే ఉంది. నాకూ అప్పుడు తెలీక నీడ సోకిందన్నాను, నువ్వూ నమ్మావు. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలిస్తే ఒట్టు. ఎంతమంది పిల్లల్ని ఇలా మట్టిలో పెట్టామో."

వసాయో కంటే ముందు పుట్టిన పిల్ల అది. పేరు పెట్టి పిలవడం అలవాటయ్యేలోపే పోయింది. నువ్వు పుల్లటివి తిన్నావనీ, సందెవేళ వాకిట్లోకి వచ్చావనీ అప్పట్లో అత్తగారు అంటే, నిజమేనని సభాగీ ఇన్నేళ్ళూ తనను తానే తిట్టుకుంటూ బతికింది. పిల్లను చంపింది తన నోరో, తన అడుగో కాదు, ఈ మూసిన గది. ఆ సంగతి తెలియగానే ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

చిన్న తలుపు దగ్గరికి వెళ్ళి గట్టిగా కొట్టింది. వసాయో వచ్చాడు.

"మీ బాబాతో చెప్పు. సుగ్రాని ఒతాక్‌లోకి తెస్తున్నాం, అందర్నీ లేవమను. నువ్వెళ్ళి ఆటో పిలుచుకురా."

వాడు వెళ్ళి చెప్పడం, ధనీ బఖ్ష్ గొంతు తగ్గించి జవాబివ్వడం ఆమెకు వినబడింది. "మతి పోయిందా మీ అమ్మకి? ఆడవాళ్ళు ఒతాక్‌లోకా? అతిథుల్ని లేపుతామా? సాయంత్రం చల్లబడ్డాక చూద్దామని చెప్పు."

సాయంత్రం దాకా ఎవరు చల్లబడతారో ఆయన ఆలోచించలేదు.

సభాగీ గోడ అవతలున్న ఇద్దరు ఆడవాళ్ళను పిలిచింది. నలుగురూ మంచం నాలుగు కోళ్ళూ పట్టుకుని, సుగ్రానూ పిల్లనూ దానితో సహా ఎత్తారు. చిన్న తలుపును సభాగీ కాలితో తన్ని తెరిచింది.

మా వైపు ఆడవాళ్ళు మగవాళ్ళ ఒతాక్‌లో అడుగుపెట్టే సందర్భం ఒక్కటే ఉంది. రెండు కుటుంబాల మధ్య హత్య జరిగితే, హంతకుడి ఇంటి ఆడవాళ్ళు చనిపోయినవాడి ఇంటి ఒతాక్‌కి వచ్చి కొంగు చాచి క్షమాభిక్ష అడుగుతారు. ఎంత పగ ఉన్నా, ఇంటికి వచ్చిన ఆడవాళ్ళను వట్టి చేతులతో పంపకూడదు. ఆ మర్యాద తెలియని మగవాడు మా ఊళ్ళో లేడు. అందుకే తలుపు తెరుచుకోగానే ఒతాక్ మొత్తం లేచి నిలబడింది, అందరూ చూపులు నేలకు దించారు.

హాజీ ఖమీసో ఒక అడుగు వెనక్కి వేశాడు. "అదీ, ఏం జరిగింది? ఎవరి రక్తం పడింది?"

"ఇంకా పడలేదు, అదా," అంది సభాగీ. "హత్య అయిపోయాక వచ్చి కాళ్ళు పట్టుకుంటే మీరంతా తల వంచి వింటారు. అందుకే కాకముందే వచ్చాం. బయటికి నడవండి."

పరాయి ఆడవాళ్ళున్న చోట మగవాడు నిలబడకూడదు. ఇన్ని తరాలుగా మమ్మల్ని లోపల బిగించి ఉంచిన ఆ కట్టుబాటే, ఆ రోజు వాళ్ళను బయటికి తరిమింది. ఒకర్నొకరు తోసుకుంటూ వీధిలోకి పడ్డారు. సగం మందికి చెప్పులు వెతుక్కునే వ్యవధి కూడా లేదు. కాలే మట్టిలో అరికాళ్ళు మార్చి మార్చి వేస్తూ, మండుటెండలో గోడవారన జానెడు నీడ కోసం కిక్కిరిసి నిలబడ్డారు. పుట్టుకతో ఎండ అలవాటైన ఆయన, "యా అల్లా" అంటూ తలమీద తువ్వాలు కప్పుకుని చతికిలబడ్డాడు.

లోపల సభాగీ ఐసు దిమ్మను గోనెతో సహా పగలగొట్టింది. చలివేంద్రం కోసం తెప్పించిన కొత్త గుడ్డను కుండనీళ్ళలో ముంచి సుగ్రాకు చుట్టింది. బఖ్తావర్ ఆమె చంకల్లో, మెడకింద ఐసు ముక్కలు పెట్టింది. ఫ్యానును మంచానికి ఎదురుగా జరిపారు. పసిపిల్లకు తడిగుడ్డతో ఒళ్ళు తుడిచారు. చాలాసేపటికి సుగ్రా కళ్ళు తెరిచి, నీళ్ళు కావాలని సైగ చేసింది. తరవాత ఎప్పుడో పిల్ల కీచుమని ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే ముసలి బఖ్తావర్ నేలమీద కూలబడి తనూ ఏడ్చేసింది.

వసాయో పిలుచుకొచ్చిన ఆటోలో తల్లినీ పిల్లనూ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాడు భార్య తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. రెండు రోజుల తర్వాత ఇద్దరూ క్షేమంగా తిరిగి వచ్చారు. సభాగీ వాళ్ళను ఆ గదిలోకి తీసుకెళ్ళలేదు. తిన్నగా ఒతాక్‌లోకి తీసుకొచ్చి, ఫ్యాను ముందు మంచం వేసి పడుకోబెట్టింది. ధనీ బఖ్ష్ వాకిట్లోంచే గొంతు సవరించుకున్నాడు.

"వసాయో తల్లీ, పరిస్థితి అంతలా ఉంటే గట్టిగా చెప్పద్దూ?"

"ఇంకెంత గట్టిగా చెప్పాలి? కొడుకుతో రెండుసార్లు చెప్పాను. వాకిట్లో నిలబడి అరిస్తే పరువు పోతుందంటారు, అరవకపోతే చెప్పలేదంటారు."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, రేపట్నుంచి ఫ్యాను లోపల గదిలో పెట్టిస్తాను."

"ఆ గదిలో ఫ్యాను పెడితే వేడిగాలే విసురుతుంది. ఎండాకాలం పోయేదాకా పగలంతా ఒతాక్ మాది. మా ఒక్క ఇంటి ఆడవాళ్ళదే కాదు, ఈ వీధిలో పురిటి మనిషి ఎవరున్నా వాళ్ళదీ. పొయ్యి కూడా వేపచెట్టు కిందికి తెస్తున్నాం, చుట్టూ దడి కట్టించండి."

"మరి అతిథులొస్తే ఎక్కడ కూర్చోబెట్టను? నలుగురూ నన్నేమనుకుంటారు?"

"మీకు కాలవ ఉంది, టీ హోటలు ఉంది, మసీదు వరండా ఉంది. ఎక్కడైనా కూర్చోండి. నలుగురూ అనుకునేదానికి భయపడి ఒక పిల్లని పోగొట్టుకున్నాం. మీకు గుర్తుందో లేదో గానీ దాని పేరు హూర్. దాన్ని దయ్యం తినలేదు, మీ పరువూ నా మూఢత్వమూ కలిసి తినేశాయి."

ధనీ బఖ్ష్ వేపచెట్టు మొదలుకి చేరబడి, మొహం తువ్వాలులో దాచుకున్నాడు. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ అనక చాలా ఏళ్ళయింది.

సభాగీ గొంతు తగ్గలేదు. చదువరులారా, ఆమె ఆ రోజు తలుపు చాటునుంచి అన్న మాటలే ఎండలో బతికే ప్రతి ఊరికీ, ప్రతి ఇంటికీ నేను చెప్పదలచినవి.

"ఎండని అల్లా అందరికీ ఒక్కలాగే ఇచ్చాడు, వసాయో బాబా. నీడని వాటాలు వేసుకున్నది మనుషులు. ఇంట్లో ఆడదానికి ఆ నీడలో వాటా ఇవ్వనివాడు వీధిలో ఎన్ని చలివేంద్రాలు పెట్టినా అది పుణ్యం కాదు, పాపమే."