సొరుగు అడుగున సంతకం

మా వడ్రంగి షెడ్డుకొచ్చిన టీచరమ్మ, తను చేయించుకుంటున్న బీరువా చూడగానే, "తలుపు ఎడమవైపుకి తెరుచుకోవాలన్నాను కదా!" అంది. నాకు ఒళ్ళు మండింది. కుడివైపుకే అని ప్లైవుడ్ ముక్క మీద బొమ్మ గీసి, ఒప్పందం రాసి, ఆవిడ చేత సంతకం కూడా పెట్టించుకున్నాను. ఆ ముక్క కోసం షెడ్డంతా తిరగేశాను. ఎక్కడా లేదు.

బీరువాకు పాలిష్ పెడుతున్న మా ఆవిడ తలెత్తకుండానే, "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే! చేతికందిన ముక్కనల్లా వాడేస్తావుగా, సొరుగులు చూడు," అంది.

మూడో సొరుగు లాగి బోర్లించాను. అడుగుచెక్క మీద బొమ్మ, రాత, సంతకం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివి, "నా సంతకమే. పొరపాటు నాదే," అని నవ్వేసింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"చూశారా, ఎంత భద్రంగా దాచానో!" అన్నాను.

మా ఆవిడ దగ్గింది.