తూకం వేయని ట్రే

ఆ రోజు ఆఖరి ట్రేని సారిక కాటా మీద పెట్టబోయింది. సూపర్‌వైజరు అబ్రహాము అరచెయ్యి అడ్డం పెట్టి, దాన్ని పక్కనున్న కంపెనీ కుప్ప వైపు తోసేశాడు.

ఆమె వేళ్లు ఉబ్బి ఉన్నాయి. పొద్దుటి నుంచీ ఐసునీళ్లలో రొయ్యలు ఒలిచిన వేళ్లు. జ్వరంతో ఈ వారం కొన్ని రోజుల కూలి పోయిందని, ఇవాల్టికి ఆ ఒక్క ట్రే తన లెక్కలో వేయమని అడిగింది. గట్టిగా కూడా అడగలేదు.

"పిడికెడుకి తూకమేంటమ్మా? దేవుడికి తీసేటప్పుడు కాటాలో వేసి తీస్తావా?" అన్నాడు అబ్రహాము.

"దేవుడికైతే అడగనండి."

ఆ మాటకే ఆమె తల మీది నీలం టోపీ తీయించి గేటు బయటికి పంపేశారు. రేపట్నుంచి రానక్కర్లేదన్నారు. షెడ్డు నిండా ఉన్న ఆడవాళ్లు తలలెత్తి చూశారు. మళ్లీ దించుకున్నారు. ఐసు బండి తోసుకొస్తున్న యెహెజ్కేలు మాత్రం దించలేదు. ఆ కుప్ప వైపే చూస్తూ నిలబడ్డాడు. అందులో అతని భార్య ఒలిచిన రొయ్యలు కూడా ఒకప్పుడు పడేవి.

భీమవరం దాటాక రోడ్డుకి ఇటు సప్తధార సీఫుడ్స్, అటు నీలిముత్యం ఎక్స్‌పోర్ట్స్. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని ఒలిచి, గడ్డకట్టించి, ఓడలెక్కించడం రెండింటి పనీ. ఇక్కడి ఆడవాళ్లకి నీలం టోపీలు, అక్కడివాళ్లకి ఆకుపచ్చవి. కూలి కిలోల లెక్కన. కాటా ఎక్కిందే కూలి.

రెండేళ్ల కిందట సప్తధార ఓనరు జగన్నాథరాజు షెడ్డులో కుర్చీ ఎక్కి మాట్లాడాడు. నీలిముత్యంవాళ్లు తక్కువకి అమ్మి మనల్ని మింగేస్తున్నారన్నాడు. కంపెనీ నష్టాల్లో ఉందని, మనిషికి రోజుకో ట్రే కూలి అడక్కుండా వదిలితే గట్టెక్కుతామని అన్నాడు. అప్పుడు అబ్రహాము లేచాడు. అతను లూథరన్ సంఘంలో పెద్ద. కుండలో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి మందిరానికి దాచే ఇళ్ల నుంచే సగం మంది ఆడవాళ్లు వస్తారు. అది అతనికి తెలుసు, రాజుకి తెలీదు. "మన మందిరం గోడలు పిడికెడు బియ్యంతో లేచాయి. అన్నం పెట్టే కంపెనీకి ఒక్క పిడికెడు తీయలేమా?" అన్నాడు.

తీశారు. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. మొదటి ట్రే పెట్టింది యెహెజ్కేలు భార్య రూబీ. వేళ్ల సందుల్లో చీము పట్టినా రోజూ పెట్టింది. పోయిన వానల్లో ఆ విషం చేతిలోకి పాకి, ఆసుపత్రి మంచం మీద ప్రాణం తీసింది. కంపెనీ పూలదండ పంపించింది. దండని యెహెజ్కేలు మేకకి మేతగా వేశాడు.

షిఫ్టు దిగి అతను టీ బడ్డీ దగ్గరికి వచ్చేసరికి సారిక బల్ల మీద కూర్చుని ఉంది. ఆకుపచ్చ టోపీ మరిడమ్మ ఆమెని ఆటపట్టిస్తోంది. రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లు ఎదురుపడితే ఈ దెప్పుళ్లు మామూలే.

"ఏంటే, మీ రాజుగారు గెంటేశారంటగా? మమ్మల్ని ముంచి బాగుపడదామనుకున్నారు. బాగుపడండి."

"మిమ్మల్ని మేం ముంచడమేంటి? మింగుతోంది మీరైతేను," అన్నాడు యెహెజ్కేలు.

"మేమా? మీరు తక్కువకి అమ్మబట్టే కదయ్యా, మేం రోజుకో ట్రే ముడుపు కడుతోంది."

యెహెజ్కేలు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ముడుపేంటని అడిగాడు. మరిడమ్మ చెప్పింది. రెండేళ్ల కిందట వాళ్ల మేనేజరు కాటా పక్కన పసుపు గుడ్డ కట్టించాడు. సప్తధార దెబ్బకి కంపెనీ మూతపడేలా ఉందని, అమ్మవారి పేరు చెప్పి రోజుకో ట్రే ముడుపుగా వదలమని అన్నాడు. మొక్కుకున్నది అడగకూడదు కాబట్టి ఎవరూ అడగలేదు. చెబుతూ చెబుతూ ఆమే ఆగిపోయింది. సారిక ముఖంలోకి చూసింది. తన టీ ఆమె వైపు జరిపింది.

నష్టం నిజమా కాదా తేల్చుకోవాలి. నిజమైతే సారిక కోసం ఎవరూ కదలరు. అందరి ట్రేలూ అలాగే పోతాయి. భీమవరం కాలేజీలో కామర్స్ చెప్పే కాంట్రాక్టు లెక్చరరు దుర్గాశ్రీ యూనియన్ మీటింగులకి వస్తూ ఉంటుంది. ముగ్గురూ వెళ్లి ఆమెని అడిగారు. ప్రతి కంపెనీ ఏటా లెక్కలు ప్రభుత్వానికి ఇచ్చి తీరాలని, ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చని చెప్పిందామె. రెండు కంపెనీలవీ తీయించింది, ట్రే మొదలవక ముందు ఏడాదివీ, తర్వాతవీ.

ఆదివారం ఆరాధన అయ్యాక కమ్యూనిటీ హాలు నిండిపోయింది. ఆకుపచ్చ టోపీల వాళ్లూ వచ్చారు, మొదట గోడవారన నిలబడ్డారు. అబ్రహాము పిలవకుండానే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"ముందు ఆఖరి గీత చదవండి మేడమ్, లాభమో నష్టమో," అన్నాడు.

దుర్గాశ్రీ చదివింది. నీలిముత్యానికి లాభం. సప్తధారకి నష్టం.

అబ్రహాము లేచి జనం వైపు తిరిగాడు. "విన్నారుగా. రాజుగారు అబద్ధమాడలేదు." నీలం టోపీల్లో కొన్ని తలలు వాలాయి. సారిక గుమ్మం వైపు జరిగింది.

"ఆఖరి గీతతో మొదలెడితే, శుభం కార్డు చూసి సినిమా కథ చెప్పినట్టుంటుందండి," అంది దుర్గాశ్రీ. బోర్డు మీద రెండు నిలువు గళ్లు గీసింది. ఒకటి పెద్ద కంపెనీ, ఒకటి చిన్నది, మొత్తాలు పక్కపక్కన పెడితే ఏమీ తెలీదంది. రెండింటిలోనూ వంద రూపాయల సరుకు అమ్మితే అందులో ఏది ఎటు పోయిందో చూద్దామంది. అమ్మకం రెండు చోట్లా పెరిగింది. రొయ్యల కొనుగోలుకి, కరెంటుకి నూటికి ముందెంతో తర్వాతా అంతే పోయింది. కూలి గడి దగ్గరికి వచ్చేసరికి ఆమె సుద్దముక్క ఆపి, రోజుకి ఎన్ని ట్రేలు ఒలుస్తారని అడిగింది. తొమ్మిదని చెప్పారు.

"ట్రే మొదలవక ముందు నూటికి తొమ్మిది రూపాయలు కూలి. తర్వాత ఎనిమిది. అక్కడా ఎనిమిదే, ఇక్కడా ఎనిమిదే."

గోడవారన ఉన్నవాళ్లు ముందుకొచ్చి కూర్చున్నారు.

మరి సప్తధారకే నష్టమెలా వచ్చిందని ఎవరో అడిగారు. ఫ్యాక్టరీ ఖర్చులన్నీ పోగా రెండు కంపెనీలకీ నూటికి ఒకేలా మిగిలిందని దుర్గాశ్రీ చూపించింది. ఆ కింది వరసలో, కోల్డ్‌స్టోరేజీకి సప్తధార కట్టిన అద్దె ఉంది. ఆ అద్దె సరిగ్గా ట్రే మొదలైన ఏడాదే రెండింతలు దాటింది. కోల్డ్‌స్టోరేజీ ఎవరిదో వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంది. అలివేలుమంగగారిది. జగన్నాథరాజుగారి భార్య. పాత అద్దే ఉంటే నష్టమనే మాటే లేదు.

"అంటే రాజుగారి కుడి జేబు చిరిగింది, ఎడమ జేబు నిండింది," అంది మరిడమ్మ. ఈసారి నీలం టోపీలు కూడా నవ్వాయి.

స్త్రీల సమాజం సెక్రటరీ సంపూర్ణమ్మ నవ్వలేదు. ప్రతి ఆదివారం పిడికెడు బియ్యం లెక్క మందిరంలో పైకి చదివేది ఆవిడే. "మేమిచ్చిన ట్రే ఇందులో ఎక్కడ రాశారమ్మా?" అని అడిగింది.

దుర్గాశ్రీ పేజీలు తిప్పింది. మళ్లీ తిప్పింది. "ఎక్కడా లేదండి. కూలి తగ్గింది, అంతే కనబడుతుంది. మీరు ఇచ్చినట్టు ఎవరూ రాయలేదు."

"మందిరానికి గుప్పెడు నూకలిచ్చినా పేరు చదువుతాం," అంది సంపూర్ణమ్మ. "పేరు చదవకుండా తీసుకుంటే అది కానుక కాదు. దొంగతనం."

ఇష్టపడే కదా ఇచ్చారన్నాడు అబ్రహాము. అప్పుడు యెహెజ్కేలు లేచాడు.

"రూబీ ట్రేలు నువ్వే అందుకున్నావు. ఏం చేశావు?"

"ఆవిడ సమాధి దగ్గర ప్రార్థన చేసింది నేనే యెహెజ్కేలూ."

"ప్రార్థన అడగలేదు. ట్రేలు అడుగుతున్నాను."

అబ్రహాము బయటికి నడిచాడు. దారివ్వడానికి ఎవరూ లేవలేదు. కాళ్లు మాత్రం ముడుచుకున్నారు, అతనికి తగలకుండా.

తర్వాత వాదన చాలాసేపు జరిగింది. డ్వాక్రా అప్పులున్నాయన్నారు. కాళ్లావేళ్లా పడి సారికని మళ్లీ పెట్టించుకుంటే చాలన్నారు కొందరు. మనం కూర్చుంటే మన రొయ్యలు రోడ్డు దాటి వాళ్ల షెడ్డుకి పోతాయన్నారు ఇంకొందరు. అది నిజం. ఇదివరకు ఇటు పని ఆగినప్పుడల్లా అటు రెండు షిఫ్టులు నడిచాయి. అటు ఆగితే ఇటు నడిచాయి. మరిడమ్మ లేచి, ఈసారి రోడ్డు దాటి వచ్చిన రొయ్యని తాము ముట్టుకునేది లేదంది. తన వెనకున్నవాళ్లని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగి మాట తీసుకుంది.

సోమవారం తొమ్మిదో ట్రే దగ్గర రెండు షెడ్లూ ఆగాయి. కాటా ఎక్కితేనే ఇస్తామన్నారు. కంపెనీలవాళ్లు కుదరదన్నారు. యెహెజ్కేలు ఐసు క్రషరు ఆపేశాడు. లోపల రొయ్యలు మెత్తబడుతుండగా ఆడవాళ్లు రెండు గేట్ల నుంచీ రోడ్డు మీదికి వచ్చి కూర్చున్నారు. లారీలు ఆగిపోయాయి. మరిడమ్మ తన ఆకుపచ్చ టోపీ తీసి సారిక తలకి పెట్టింది. అది చూసి సప్తధార మనిషొకామె తన నీలం టోపీ మరిడమ్మకి పెట్టింది. మిగతావాళ్లూ మార్చుకున్నారు. కాసేపటికి ఎటు చూసినా రెండు రంగులూ కలిసిపోయాయి.

జగన్నాథరాజు కారు వచ్చింది. అందులోంచి అతనూ, వెనకే నీలిముత్యం ఓనరూ దిగారు. ఒకళ్లనొకళ్లు మింగేసుకుంటున్నామన్నవాళ్లు ఒకే కారులో వచ్చారు.

"పాపం, ఇద్దరికీ కలిపి ఒక్క కారుకే డీజిలు మిగిలినట్టుంది," అంది మరిడమ్మ.

మీ లీడరు ఎవరో లోపలికి వస్తే మాట్లాడతానన్నాడు రాజు. ఎవరూ లేవలేదు. ఏం చెప్పినా ఇక్కడే చెప్పమన్నారు. అతను పోలీసులకి ఫోను చేశాడు.

యెహెజ్కేలు ఐసు బండి ఎక్కాడు. మందిరంలో సంపూర్ణమ్మ చదివినట్టే, తొందర లేకుండా మొదలుపెట్టాడు.

"సారిక. రోజుకో ట్రే."

"తూకం వేయలేదు," అన్నారు కూర్చున్నవాళ్లు.

"సంపూర్ణమ్మ. రోజుకో ట్రే."

"తూకం వేయలేదు."

పేరు తర్వాత పేరు. రాజు కారు అద్దాలు పైకి లేచాయి. పోలీసు జీపు వచ్చాక కూడా యెహెజ్కేలు ఆపలేదు. రూబీ పేరు ఆఖరికి దాచుకున్నాడు. ఆ పేరు పలికితే గొంతు నిలబడుతుందో లేదోనని. ఎస్సై అతని చొక్కా పట్టి బండి మీంచి లాగాడు. రోడ్డుని ఆపడం నేరమన్నాడు. యెహెజ్కేలు నోరు తెరిచాడు. మాట బయటికి రాకముందే జీపులోకి నెట్టి తలుపు వేశారు.

బండి ఖాళీగా ఉంది. నీలం టోపీతో మరిడమ్మ దాని మీదికి ఎక్కింది. రూబీని ఆమె ఎన్నడూ చూడలేదు.

"రూబీ. రోజుకో ట్రే. చచ్చేదాకా."

"తూకం వేయలేదు."

ఆ కేకకి టీ బడ్డీ రేకులు అదిరాయి. జీపు కటకటాల వెనక యెహెజ్కేలు తల ఎత్తి విన్నాడు. ఏడవలేదు.

ఎస్సై వెనక్కి వచ్చాడు. మరిడమ్మనీ దింపించాడు. అప్పటికే బండి వెనక వరస కట్టి ఉంది. ఆకుపచ్చ, నీలం, మళ్లీ ఆకుపచ్చ. "మీలో సప్తధార వాళ్లెవరు? నీలిముత్యం వాళ్లెవరు? విడివిడిగా నిలబడండి," అని అరిచాడు.

ఎవరూ కదల్లేదు. సారిక బండెక్కి ఇంకో పేరు చదివింది.